శ్రీ రాష్ట్ర వాటా గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ రాష్ట్ర వాటా గారికి,

ప్యాసింజర్ బండిలో సీటు దొరకని ఒక ప్రయాణికుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆగి క్షేమం. తమరు ఏదో ఒక ఫైల్లో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

తమరి గురించి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ముందు పరిచయం చేస్తాను, ఏమీ అనుకోకండి. కొత్త రైలు మార్గం కావాలని జనం అడుగుతారు. ఖర్చంతా మేమే మోయలేమని రైల్వే అంటుంది. అప్పుడు "మా వంతు మేమిస్తాం" అని రాష్ట్రం ఒప్పుకునే సొమ్మే తమరు. లైనుకో అవతారం. కోటిపల్లి–నరసాపురం లైనుకు 25 శాతం. మనోహరాబాద్–కొత్తపల్లికి మూడో వంతు. నడికుడి–శ్రీకాళహస్తికి చెరిసగం. హైదరాబాద్ లోకల్ రైళ్లు, అదే ఎంఎంటీఎస్, రెండో దశకైతే ఏకంగా మూడింట రెండు వంతులు. ఇన్ని అవతారాలెత్తినా దర్శనభాగ్యం మాత్రం కలగదు. పెళ్లిలో మైకు పట్టుకుని ఘనంగా చదివింపులు చదివించి, కవరు ఇవ్వకుండా భోజనాల వైపు జారుకునే బంధువులు గుర్తొస్తారు తమరిని తలుచుకుంటే.

కోనసీమ సంగతే చూడండి. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా ఒకప్పుడు రైలుండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకేశారు. 45 కిలోమీటర్ల ఆ ముక్కను మళ్లీ వేసుకునేసరికి 2004 వచ్చింది. అక్కడి నుంచి గోదావరి దాటి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్లాల్సిన 57 కిలోమీటర్ల లైను 2000–01లోనే మంజూరైంది. మధ్యలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ. మూడు పాయలు, మూడు వంతెనలు, కష్టమే, కాదనను. అయితే ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కుంటూ ఊరు దాటారు, బస్సెక్కి. గౌతమిలో లేచిన స్తంభాలు ఏళ్ల తరబడి నెత్తిన గర్డరు లేకుండా ఎండకీ వానకీ నిలబడ్డాయి. పంటు మీద ఏరు దాటేవాళ్లు వాటిని చూసి "వచ్చే ఎన్నికలకి అయిపోద్దిలే" అనుకుంటారు. ఏ ఎన్నికలో ఎవరూ అడగరు, అది వాళ్ల మర్యాద.

తప్పంతా తమరిదే అంటే పాపం తగులుతుంది. ఢిల్లీలో తమరికొక అన్నగారున్నారు, కేంద్ర వాటా. రైల్వే పనులన్నీ అచ్చయ్యే పింక్ బుక్‌లో కొన్ని లైన్ల ఎదురుగా ఆయన పెట్టే అంకె వెయ్యి రూపాయలు. కోట్లు కాదు, లక్షలు కాదు, అక్షరాలా వెయ్యి. ప్రాజెక్టు చచ్చిందని అనిపించుకోకుండా నోట్లో పోసే తులసి తీర్థం అది. "మీరిస్తే మేమిస్తాం" అని ఆయన, "ముందు మీరు కదపండి" అని తమరు. ఈలోగా సిమెంటు రేటు పెరుగుతుంది, ఉక్కు రేటు పెరుగుతుంది, భూమి రేటైతే చెప్పక్కర్లేదు. "సవరించిన అంచనా" అనే కొత్త కాగితం పుడుతుంది. దాంట్లో తమరి వంతూ పెరుగుతుంది. పెరిగింది కాబట్టి మళ్లీ ఇవ్వలేరు. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారోగానీ చేతులెత్తి మొక్కాలి.

ఎంఎంటీఎస్ రెండో దశ 2012–13లో మంజూరైనప్పుడు అంచనా సుమారు రూ.816 కోట్లు. తర్వాత అది వెయ్యి కోట్లు దాటింది. మేడ్చల్‌కి రైలు 2023 ఏప్రిల్‌లో, మౌలాలి–సనత్‌నగర్ మార్గంలో 2024 మార్చిలో వచ్చాయి. ఈ రెండో దాంట్లో రక్షణ శాఖ భూముల పేచీ కూడా ఉంది, దాన్ని తమరి ఖాతాలో వెయ్యను. నా ఫిర్యాదు వేరే.

మూడింట రెండు వంతులు పెట్టుకునే పెద్దమనిషి కదా, ఆ పట్టాల మీద పొద్దున ఏడింటి నుంచి పదింటి దాకా ఎన్ని బళ్లు నడపాలో తమరు ఎప్పుడైనా అడిగారా? టైమ్‌టేబుల్ వేసేది రైల్వే. దూరపు ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వాలంటే ముందు లూప్‌లోకి, అంటే పక్క పట్టా మీదకి, వెళ్లేది మా లోకలే, మా ప్యాసింజరే. ఆఫీసు టైముకి బండి లేకపోతే వెయ్యి కోట్ల లైనైనా జనం షేర్ ఆటోలోనే వెళ్తారు. అప్పుడు "ఆదరణ లేదు" అని రాసి ఉన్న బండిని కూడా తగ్గిస్తారు.

మనోహరాబాద్–కొత్తపల్లి ఒప్పందం ఇంకా ముచ్చటైనది. 151 కిలోమీటర్లు, 2006–07లో మంజూరు. భూమి ఉచితం, నిర్మాణంలో మూడో వంతు, పైగా నడిపాక మొదటి అయిదేళ్ల నష్టం కూడా రాష్ట్రమే భరించాలి. సిద్దిపేటకి రైలు 2023 అక్టోబరులో చేరింది. నష్టానికి పూచీ పడ్డవాడికి బండి ఎన్నింటికి కదలాలో చెప్పే హక్కు కూడా ఉండాలి కదా! ఆ ముక్క రాయించుకోవాలని తమరికి తోచలేదు.

అమెరికాలో తమరి చుట్టాలున్నారు. అక్కడి జాతీయ ప్రయాణికుల రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ 750 మైళ్లలోపు నడిపే రైళ్ల ఖర్చు ప్రధానంగా రాష్ట్రాలే భరించాలని 2008లో చట్టం చేశారు. ఇండియానా రాష్ట్రం 2019లో డబ్బు ఆపేసింది, హూసియర్ స్టేట్ అనే బండి ఆగిపోయింది. కనీసం అక్కడ ఎవరు ఇవ్వలేదో, ఏ బండి పోయిందో జనానికి తెలిసింది. మన దగ్గర అది కూడా తెలియదు.

మా సంగతంటారా? కరోనాలో ఆగిన ప్యాసింజర్లు "స్పెషల్ ఎక్స్‌ప్రెస్" అని పేరు మార్చుకుని తిరిగొచ్చాయి. వేగం అదే, స్టేషన్లు అవే, కనీస టికెట్టు మాత్రం రూ.10 నుంచి రూ.30 అయింది. మళ్లీ పదికి దిగింది 2024లో. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే రాబడుతున్నామని టికెట్టు అడుగున చిన్న అక్షరాల్లో అచ్చేసి మరీ చూపించారు. ఔటర్‌లో ఆగిన ముప్పావు గంటలో అది చదువుకుని సిగ్గుపడమని కాబోలు.

అంచేత ఒకే మనవి. ఈసారి చెక్కు రాసేటప్పుడు, అంటే రాస్తే, ఒప్పందంలో కిలోమీటర్లతో పాటు రోజుకి ఎన్ని బళ్లు, ఏ టైముకి, ఆలస్యమైతే ఎంత కోత అనేది కూడా రాయించండి. రిబ్బన్ కటింగుకి తమరి ఫొటో పెద్దది వేయించే పూచీ నాది.

ఇట్లు,
తమరి విధేయుడు,
రెండో నంబరు ప్లాట్‌ఫాం, బల్ల చివర

తా.క.: ఈ ఉత్తరానికి స్టాంపు ఖర్చు చెరిసగం అనుకుని సగానికే అంటించాను. మిగతాది పోస్ట్‌మ్యాన్‌కి ఇచ్చి కవరు తీసుకోగలరు. తిప్పి పంపితే సవరించిన అంచనా పంపుతాను.