సెల్ఫ్ విప్పితే సభ నిండుతుంది

విజయవాడలో జనాన్ని పోగు చేయడానికి లారీలూ బిర్యానీ పొట్లాలూ అక్కర్లేదని రాజకీయ పార్టీలకు సవినయంగా మనవి చేస్తున్నాను. సత్యనారాయణపురంలో ఏదో ఒక వీధి ఎంచుకోండి. ఆదివారం ఉదయం ఒక పాత వ్యానును జాకీతో పైకెత్తి, కింద స్టాండ్లు పెట్టి, వెల్లకిలా దూరండి. టీ చల్లారేలోగా కోరం పూర్తవుతుంది.

మా వ్యాను సెల్ఫ్, అంటే ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు, పోయింది. తాళం తిప్పితే లోపల ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. హారన్ వీధి చివరిదాకా వినిపిస్తోంది. తాళం తిప్పినప్పుడు కూడా హెడ్‌లైట్లు మసకబారడం లేదు. అంటే బ్యాటరీ బాగుంది, మోటారుకు కరెంటు కలిపే సోలనాయిడ్ కదులుతోంది, మోటారే తిరగడం లేదు. ఈపాటి తర్కం నాకు చాలింది కానీ చుట్టూ చేరిన సలహా మండలికి చాలలేదు.

అధ్యక్షులు పదవీ విరమణ చేసిన పెద్ద ఉద్యోగి. ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని, వేపచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుపుకుంటూ, “బ్యాటరీ అండీ, బ్యాటరీయే” అని తీర్పు చెప్పారు. హారన్ కొట్టి చూపించాను. “హారన్‌కేం, అది ఎలాగైనా మోగుతుంది” అన్నారు. ఫైళ్లు ఎలా నడిచి ఉంటాయో అర్థమైంది.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీశాను. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వెళ్లే లావుపాటి కేబుల్‌లో, తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. పానా ఒకేసారి దానికీ బాడీకీ తగిలిందంటే నిప్పురవ్వలే. “12 వోల్టులకు ఇంత భయమా?” అని మండలి కార్యదర్శి నవ్వారు. వోల్టులు తక్కువే, ఆంపియర్లు మాత్రం పానాను కేబుల్‌కు అతికించేటన్ని ఉంటాయి. ఈయన ఇంట్లో బల్బు మార్చడానికి కూడా ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారన్నది వేరే సంగతి.

1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ కాడిలాక్ కార్లలోకి వచ్చింది. అంతకు ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాల్సిందే, అది వెనక్కి తన్నితే మణికట్టు విరగాల్సిందే. కెటరింగ్ అమెరికాలో పుట్టి బతికిపోయాడు. మా వీధిలో పుట్టి ఉంటే లోకం ఈరోజుకీ హ్యాండిలే తిప్పుతుండేది.

పై బోల్టు తుప్పుపట్టి మొరాయించింది. నేను చెయ్యి మెలితిప్పి, చెంప నేలకు ఆనించి, కంటికి కనిపించని ఆ బోల్టును వేళ్లతో తడుముతుండగా మండలికి మహత్తరమైన ఆలోచన వచ్చింది. అధ్యక్షులు డాలస్‌లో ఉన్న తమ అల్లుడికి వీడియో కాల్ చేశారు. అక్కడ అర్ధరాత్రి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆ అబ్బాయి నిద్రకళ్లతో, ఫోనులో నా పాదాలను మాత్రమే చూస్తూ, “గేర్‌బాక్స్ అయి ఉంటుంది మామయ్యగారూ” అన్నాడు. మండలి తలూపింది. ఫోను చేతులు మారింది. అల్లుడిని ఒకరు అక్కడి ఇళ్ల ధరలు అడిగారు, ఇంకొకరు తమ అబ్బాయి వీసా సంగతి అడిగారు. అధ్యక్షులు ఫోను వ్యాను కిందికి చాపి, “మాస్టారూ, ఒకసారి నవ్వండి, మా అమ్మాయి కూడా చూస్తోంది” అన్నారు. నా నోట్లో టార్చి ఉంది. చివరికి అల్లుడు ఆవలిస్తూ, “ఇక్కడ ఎవరి కారు వాళ్లే బాగు చేసుకుంటారు మామయ్యగారూ” అన్నాడు. సభ పులకించిపోయింది. “చూశారా! అందుకే ఆ దేశం అలా ఉంది!”

ఫోను పెట్టేసిన మరుక్షణం అధ్యక్షులు వ్యాను కిందికి వంగి, జాలిగా, “పక్కనే ఆటోనగర్ పెట్టుకుని మీకెందుకండీ ఈ కూలిపని?” అన్నారు.

డాలస్‌లో చేస్తే స్వావలంబన, సత్యనారాయణపురంలో చేస్తే కూలిపని. ఇదీ మన విజ్ఞత.

ఇంతలో పక్కింటి కుర్రాడు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. బీటెక్ మెకానికల్, మూడో సంవత్సరం. “అంకుల్, సెల్ఫ్‌లోని ఆ పళ్ల చక్రం ముందుకు వచ్చి ఇంజన్ ఫ్లైవీల్‌కు తగులుకుంటుందా?” అని అడిగాడు. ఉదయం నుంచి వినబడిన మొదటి తెలివైన మాట. టార్చి అతని చేతికిచ్చేలోపే తండ్రి రెక్క పట్టుకుని లాగాడు. “లే, చొక్కాకు మసి అవుతుంది. మేం ఇంత ఫీజు కట్టి చదివిస్తున్నది దీనికోసమా?”

మరి దేనికోసమయ్యా? మోటారు ముట్టుకోకుండా మెకానికల్ డిగ్రీ ఇప్పించి ఏం చేసుకుంటావు? ఆటోనగర్‌లో ఇంజన్ శబ్దం విని రోగం చెప్పగల మనిషిని ‘ఒరేయ్’ అని పిలుస్తావు. పూట పూటంతా వ్యాను కింద నలిగినవాడి దగ్గర యాభై రూపాయలకు బేరమాడతావు. వాడి చేతులు లేకపోతే నీ బండి కదలదు, అయినా వాడి మసి నీ కొడుక్కి అంటకూడదు! సిగ్గుండాలి.

పాత సెల్ఫ్ బయటికి వచ్చింది. మూత విప్పి చూస్తే మోటారుకు కరెంటు అందించే కార్బన్లు అరిగి గోరంత మిగిలాయి, లోపల తిరిగే ఆర్మేచర్ కూడా మాడి ఉంది. కొత్తది ఎక్కించి, బోల్టులు బిగించి, కేబుల్ తగిలించి, నెగటివ్ తీగ చివర్లో పెట్టాను. తాళం తిప్పగానే వ్యాను అందుకుంది.

“నేను మొదటే చెప్పానుగా, బ్యాటరీ తీగ ఒకసారి తీసి పెడితే సరిపోతుందని” అన్నారు అధ్యక్షులు, కుర్చీ మడవబోయి అది మడిచే రకం కాదని తెలుసుకుంటూ. ఆ వెంటనే గొంతు తగ్గించి, “ఎలాగూ చేతులు పాడయ్యాయి కదా మాస్టారూ, మా కారు ఏసీ కూడా ఒకసారి చూసిపెట్టండి” అన్నారు.