మా అమ్మాయిని ఆరుగురిని చేసిన నివేదిక గారికి

మా ఊళ్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థవారు అచ్చు వేయించిన, గౌరవనీయులైన వార్షిక ప్రగతి నివేదిక గారికి,

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి దగ్గరి పల్లె నుంచి, మీ లోపలి పేజీల్లో పసుపు చీర కట్టుకుని నిలబడ్డ మనిషి నమస్కరించి రాయునది.

మొన్న మార్చి 8న మీ ఆవిష్కరణకు వచ్చాం. ఆ తలనొప్పి ఇంకా వదల్లేదు. పొద్దున్నే రమ్మన్నారు. ముఖ్య అతిథి గారు భువనేశ్వర్‌లో బయల్దేరారు అన్నారు. కాసేపాగి బరంపురం దాటారు అన్నారు. ఇంకాసేపటికి టీ తాగుతున్నారు అన్నారు. ఆయన కారు దిగేసరికి బడి పిల్లలు ఇళ్లకు పోయే వేళయింది. అసలే జీడిపిక్కలు ఏరే కాలం, ఆ రోజు కూలి పోయింది. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చే సుభద్ర పథకం డబ్బులు పడాల్సిన రోజు కూడా అదే. మీటింగుకు రాకపోతే ఆ డబ్బు ఆపేస్తారని ఎవరో పుకారు లేపారు. ప్రభుత్వం ఇచ్చే డబ్బుకీ మీకూ ఏ సంబంధమూ లేదని మీవాళ్లు ఒక్క మాట చెప్పొచ్చు. చెప్పలేదు. హాలు నిండింది. కూలి మానుకుని కూర్చుని, మహిళల ఆర్థిక స్వావలంబన గురించి గంటసేపు విన్నాం.

పోనీ, అది వదిలేద్దాం. ఎదురుచూపులు మాకు కొత్త కాదు. భోజనం ప్యాకెట్లు చాలకపోవడమూ కొత్త కాదు.

తమరు మాత్రం చాలా అందంగా ఉన్నారు. నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు. పుట్టుకే ఇంగ్లీషులో కాబట్టి మా ఊళ్లో మీతో మాట్లాడగలిగినవాళ్లు తక్కువ. మా అమ్మాయే ఫోన్ కెమెరా మీ మీద పెట్టి, అది చేసిన తెలుగును తిరగేసి మరగేసి మాకు చదివి వినిపించింది. మా గజపతి జిల్లాలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు సగం కంటే తక్కువ అని 2011 జనాభా లెక్కలు చెప్పాయని మొదట్లోనే రాశారు. నిజమే. మీలో నేను నమ్మిన అంకె అదొక్కటే. అది కూడా మీది కాదు.

మిగతా అంకెల సంగతి అడగడానికే ఈ ఉత్తరం.

మాకు ఒక్కతే కూతురు. తొమ్మిదో తరగతి. జులైలో మీరు సంచీ, నోటు పుస్తకాలు ఇచ్చారు. అక్కడ ఒక లబ్ధిదారు. తర్వాత ప్యాడ్లు పంచారు, ఇంకొకరు. రక్తం తక్కువుందని వేలు పొడిచి చూశారు, మరొకరు. చిన్న వయసు పెళ్లి చేసుకోనని చెయ్యి ముందుకు చాపి ప్రమాణం చేసింది. ఒక మధ్యాహ్నం కరాటే. ఇంకో మధ్యాహ్నం సెల్‌ఫోన్ మోసాల మీద క్లాసు. పేజీకొక పిల్ల చొప్పున, మేం కని పెంచిన ఒక్కతీ మీ పుస్తకంలో ఆరుగురైంది. అట్ట మీద అన్ని పేజీల మొత్తాన్నీ కూడి, ఇంతమంది బాలికల జీవితాల్లో వెలుగు అని పెద్ద అక్షరాల్లో వేశారు. మా పంచాయతీలో ఆడపిల్లలందరూ వాళ్ల అమ్మమ్మల్ని వెంటేసుకుని వచ్చినా ఆ లెక్క తేలదండీ.

నేనూ తక్కువ తినలేదు, ఒక్కదాన్నే మీ లెక్కలో ముగ్గురినయ్యాను. మీటింగుకు కుర్చీలు సర్దాను, నాయకత్వ శిక్షణ పొందినట్టు రాశారు. మా అత్తది ఇంకా బాగుంది. ఆవిడ పాత ఎనిమిదో తరగతి. పేపరు చదవందే టీ ముట్టదు. ఆవిడ చేతిలో పలక పెట్టి, 'అ' దిద్దమని చెప్పి, 'అరవై దాటాక తొలి అక్షరం' అని ఫొటో వేశారు. సంతకం వచ్చిన మా చేతుల్తో హాజరు పట్టీలో వేలిముద్రలు వేయించారు, ఫొటోలో అదైతే బాగుంటుందట. అత్తకు మాత్రం కోపం రాలేదు. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎవరు తీశారే నా ఫొటో అని, ఆ పేజీ చింపి బియ్యం డబ్బా మీద అంటించుకుంది. నిజంగానే బాగా వచ్చింది, అంత వరకు థాంక్స్.

ఇక టీచరమ్మ మాట.

మా పిల్లల ఇబ్బంది మీకు తెలియనిది కాదు. మేం రాసిచ్చాం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఊరు ఇటు వచ్చింది, జమీందారీలో ఎక్కువ భాగం అటు మద్రాసు వైపు ఉండిపోయింది. ఇంట్లో మాట తెలుగు, బళ్లో పాఠం ఒరియా. మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చూడాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లోనే చేర్చారు. అందుకే ఐదో తరగతి దాకా తెలుగు బడి ఉంది. ఆరులో ఒక్కసారిగా అన్నీ ఒరియాలో. లెక్క వస్తుంది, ప్రశ్న అర్థం కాదు. ఆంధ్ర వైపు పాతపట్నంలో చేర్పిద్దామంటే రోజూ ఆటో ఖర్చు, పైగా మా రేషన్ కార్డు ఒడిశాది కాబట్టి, పిల్లల్ని బడికి పంపే తల్లులకు ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు మాకు రాదు. అందుకని మేం అడిగింది సంచీలు కాదు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఒకరిని సాయంత్రం పూట కూర్చోబెట్టండి అన్నాం.

కూర్చోబెట్టారు కూడా! అబద్ధమెందుకు చెప్పాలి? మా ఊరి పిల్లే, డిగ్రీ చదివింది. రామాలయం అరుగు మీద దీపాలవేళ నుంచి ఎనిమిదింటి దాకా చెప్పేది. సైన్సు పాఠం ముందు తెలుగులో చెప్పి, అదే పాఠం ఒరియాలో వాళ్లచేత చెప్పించేది. మా అమ్మాయి మొదటిసారి బళ్లో చెయ్యెత్తి జవాబు చెప్పింది ఆ రోజుల్లోనే. మీ సంస్థ పేరు చెబితే ఇప్పటికీ నాకు పూర్తిగా కోపం రాకపోవడానికి కారణం ఆ అరుగే.

దసరా వెళ్లాక ఆమెకు జీతం ఆగిపోయింది. ప్రాజెక్టు కాలం ముగిసిందన్నారు. ఎందుకు ముగిసిందో మీ పేజీలు తిప్పుతుంటే నాకు తెలిసొచ్చింది. ఆమె దగ్గర చెప్పినన్నాళ్లూ అదే ఇరవై మంది. జూన్‌లో ఇరవై, సెప్టెంబరులో ఇరవై. ఆ అంకె పెరగదు. అదే ఒక్క పూట శిబిరం పెడితే వందల్లో వస్తారు. పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2014 నుంచి చట్టం అమల్లో ఉంది. మీకు డబ్బిచ్చేది వాళ్లే, వాళ్ల ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. కాబట్టి మీ శిబిరాలన్నీ జనవరి నుంచి మార్చి లోపల తోసుకుంటూ వస్తాయి. పదో తరగతి మెట్రిక్ పరీక్షలు ఫిబ్రవరిలో. పరీక్ష రాసే పిల్లల్ని పుస్తకం మూయించి కరాటేకు లాక్కెళ్లింది మీరే.

ఆ టీచరమ్మ ఇప్పుడు పర్లాకిమిడిలో ఒక బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది. మీలో మాత్రం ఆమెకు పేజీ నిండా ఫొటో, 'మార్పు తెచ్చిన మహిళ' అని. సిగ్గుండాలి.

మా అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల ఆ తర్వాత రెండు నెలలు కూడా నిలవలేదు. పాఠం అర్థం కాక, రోజూ తిట్లు తినలేక బడి మానేసింది. పిన్నితో పలాస పోయి జీడిపప్పు పొట్టు తీస్తోంది. చేతులు ఎలా అయ్యాయో నేను చూశాను. పలాస పోయే ముందు మూడు రోజులు మీ కుట్టు శిక్షణలో కూర్చుందట. అది చాలు మీకు. ముందు పేజీల్లో బడికి వెళ్తున్న బాలికల్లో ఆ పిల్ల ఉంది, వెనక పేజీల్లో ఉపాధి బాట పట్టిన యువతుల్లోనూ ఉంది. బడికి వెళ్లినా ప్రగతే, మానేసినా ప్రగతే! అసలు మీలో తగ్గడానికి చోటెక్కడుంది?

వచ్చే ఏడు ఒక్క అంకె వేయండి. ఆరో తరగతిలో మీరు సంచీ ఇచ్చినవాళ్లలో ఎంతమంది మెట్రిక్ హాల్లో కూర్చున్నారో అది. చిన్నదే వస్తుంది, నాకు తెలుసు. ముఖ్య అతిథి గారు చదవడానికి బాగుండదు. కంపెనీవాళ్లు అడిగితే మా ఊరు పంపండి, మేం చెప్తాం. ఫ్లెక్సీలకు, శాలువాలకు, ఆ గాజు మెమెంటోలకు పెట్టిన డబ్బు ఆ అరుగు మీద పెట్టండి. దీపం ఖర్చు మేం చూసుకుంటాం.

నిన్న మీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఈ నెలాఖరు లోపు ఇంకో శిబిరం ఉందట, పిల్లను తీసుకుని రమ్మన్నారు. పిల్లకు పరీక్షలు, నాకు జీడితోట. మేమిద్దరం రాలేం. మా అత్త మాత్రం బయల్దేరేలా ఉంది, ఈసారి పట్టుచీర కట్టుకుంటానంటోంది. ఆవిడ చేతికి పలక ఇవ్వకండి, పేపరు ఇవ్వండి.

ఇట్లు,
మీ లెక్కలో ముగ్గురు మహిళలు