మా పెద్దమ్మ అడిగింది ఉద్యోగం కాదు

ఈరోజే ఒక పీడీఎఫ్ చదివాను. ఒళ్ళు మండిపోతోంది. పోస్టు పొడవైపోతుందని తెలుసు, అయినా రాయకుండా ఉండలేను.

పోయిన నెల మా మండలంలో పబ్లిక్ హియరింగ్, అంటే ప్రజాభిప్రాయ సేకరణ, జరిగింది. ఉన్న కెమికల్ ఫ్యాక్టరీని రెట్టింపు చేస్తారట, దానికి పర్యావరణ అనుమతి కోసం పెట్టిన సభ. దాని మినిట్స్ ఈరోజు పొద్దున ఆన్‌లైన్లో కనిపించాయి. వరస నంబర్లు వేసి ఎవరెవరు ఏం మాట్లాడారో రాశారు. మా పెద్దమ్మ పేరు కోసం వెతికాను. దొరికింది. ఆవిడ పేరు ఎదురుగా ఒకే ఒక్క లైను: "స్థానికులకు ఉపాధి కల్పించాలని కోరారు."

పెద్దమ్మ ఉపాధి మాటే ఎత్తలేదు. నేను ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను. డెబ్బై దాటిన మనిషి, జీవితంలో మొదటిసారి మైకు పట్టుకుంది. రెండు రోజుల ముందు నుంచీ ఇంట్లో మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. వేదిక మీద ఉన్నవాళ్ళని చూసి, "బాబూ, మా గెడ్డ నీళ్ళు దోసిలితో తాగినవాళ్ళం. ఇప్పుడు గేదెలు కూడా మూతి పెట్టడం లేదు. రాత్రిపూట వచ్చే ఆ ట్యాంకర్లు ఎక్కడ ఖాళీ అవుతున్నాయో మీలో ఎవరైనా చూశారా?" అని అడిగింది. గెడ్డ అంటే మా ఊరి వాగు. అడిగింది అంతే. ఒకాయన "అమ్మా, మీ పాయింట్ నోట్ చేసుకున్నాం, కూర్చోండి" అన్నారు. మైకు తీసేసుకున్నారు. ఆవిడ నమ్మి కూర్చుంది. ఇంటికొచ్చి అందరికీ చెప్పింది, "రాసుకున్నారు" అని.

వాళ్ళు రాసుకున్నది ఇది.

రూల్ ఏమిటో చెప్తాను, ఎందుకంటే అది మన ఊళ్ళల్లో ఎవరికీ చెప్పరు. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్లో స్పష్టంగా ఉంది. సభ మొత్తం వీడియో తీయాలి. జనం చెప్పినవన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయాలి. సభ అయిపోయేముందు ఆ రాసినదాన్ని అక్కడున్న జనానికి వాళ్ళ భాషలో చదివి వినిపించాలి. అందరూ సరే అన్న మినిట్స్ మీద అదే రోజు సంతకం పడాలి. మా సభలో ఏమైంది? ఒంటిగంటన్నరకి భోజనం పొట్లాలు వచ్చాయి. జనం అటు లేచారు, వేదిక ఖాళీ అయిపోయింది. చదివిందీ లేదు, వినిపించిందీ లేదు.

ఆ నోటిఫికేషన్లోనే ఇంకో వాక్యం ఉంది. సభ మొదలుపెట్టడానికి ఇంతమంది రావాలన్న కోరం అక్కర్లేదట. ముగ్గురొచ్చినా సభ జరిగినట్టే. మా దగ్గర మూడొందల మందికి పైగా వచ్చారు, పనులు మానుకుని వచ్చారు, అందులో సగం మంది ఆడవాళ్ళు. వచ్చినా ఇదే గతి.

గెడ్డ గురించి కూడా చెప్పాలి. ఫ్యాక్టరీ మీద రాసిన అసలు ఈఐఏ రిపోర్టు వందల పేజీలు, మొత్తం ఇంగ్లీషులో. మనకి తెలుగులో ఇచ్చేది సారాంశం మాత్రమే, కొన్ని పేజీలు. నోటిఫికేషన్ అడిగేదీ అంతే, సారాంశం స్థానిక భాషలో ఉంటే చాలు. ఆ తెలుగు సారాంశంలో మా గెడ్డ ఎక్కడుందా అని వెతికితే, "ప్రాజెక్టుకు తూర్పున కాలానుగుణ మురుగు కాలువ" అని ఉంది. ఇంగ్లీషు రిపోర్టు తెరిచి చూస్తే అక్కడ 'సీజనల్ డ్రెయిన్' అని ఉంది. దాన్ని ఎవరో యంత్రంలో వేసి తిప్పారు. మా తాతల నాటి నుంచి పొలాలు తడిపిన గెడ్డ, కార్తీక మాసంలో మా అమ్మ దీపాలు వదిలే గెడ్డ, కాగితం మీద మురుగు కాలువ అయిపోయింది. మురుగు కాలువలో మురుగు పోస్తే తప్పేముంది అని రేపు ఈ అనుమతి సంగతి చూసే ఢిల్లీ నిపుణుల కమిటీ అనుకోదా? వాళ్ళు ఇక్కడికి వచ్చి చూడరు. వాళ్ళకి తెలిసిన గెడ్డ ఆ లైనే.

ఇలాంటివి సరిచేస్తే దాన్ని సంస్కరణ అంటారు. కానీ ఢిల్లీలో ఆ మాట ఎప్పుడు వినపడినా ఒకటే జరుగుతుంది. మనం మాట్లాడే టైము తగ్గుతుంది, లేదా మనల్ని పిలవాల్సిన అవసరమే లేకుండా పోతుంది.

భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ చట్టం వచ్చింది. దాని కింద 1994లో మొదటి ఈఐఏ నోటిఫికేషన్. తర్వాత 2006ది. వేల మంది చచ్చిపోతే గానీ మనకి ఆ మైకు దొరకలేదు. అది మర్చిపోకండి. ఆ మైకు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

2020లో ఏం చేశారో నేను ఎప్పటికీ మర్చిపోను. దేశమంతా లాక్‌డౌన్. ఇల్లు దాటే వీల్లేదు. అప్పుడు బయటికి తెచ్చారు కొత్త ఈఐఏ ముసాయిదా. అభిప్రాయాలు చెప్పుకోవడానికి అరవై రోజులన్నారు. హియరింగ్‌కి ముందు ఇచ్చే నోటీసు గడువు ముప్ఫై రోజులు ఉండేది, ఇరవై చేస్తామన్నారు. అనుమతి లేకుండా కట్టేసుకున్నవాళ్ళు తర్వాత వచ్చి జరిమానా కట్టి అనుమతి తీసుకునే దారి అందులో పెట్టారు. ఆ ముసాయిదా మీద గడువు నడుస్తుండగానే, మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ గ్యాస్ వచ్చింది. ఆర్.ఆర్. వెంకటాపురం. రోడ్ల మీద పడిపోయిన మనుషుల్ని ఫోన్లలో చూశాం. పన్నెండు మంది పోయారు. ఆ కంపెనీ అంతకుముందు సంవత్సరమే, 2019లో, తమ దగ్గర సరైన పర్యావరణ అనుమతి లేదని స్వయంగా అఫిడవిట్‌లో రాసిచ్చింది. ఊపిరాడక పడిపోయిన మా వాళ్ళ కళ్ళ ముందు, అనుమతి లేకపోయినా తర్వాత సర్దుకోవచ్చు అనే ముసాయిదా పెట్టుకుని కూర్చున్నారు. వెనక్కి తీసుకోలేదు. కనీసం ఆ ఒక్క క్లాజు కొట్టేస్తామని కూడా అనలేదు.

పైగా అది ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉంది. ఢిల్లీ హైకోర్టు చెప్పింది, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న భాషలన్నిటిలోకీ తర్జుమా చేయించండి అని. గడువు కూడా ఆగస్టు 11 దాకా పొడిగించింది. కేంద్రం ఏం చేసింది? తర్జుమా చేయించలేం అని సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మనకి అర్థమయ్యే భాషలో ఒక కాగితం ఇవ్వకుండా ఉండటానికి దేశంలో అతి పెద్ద కోర్టు తలుపు తట్టారు. తెలుగు మాట్లాడేవాళ్ళం ఎన్ని కోట్ల మంది ఉన్నాం! మన నేల గురించిన రూలు మన భాషలో చదువుకుంటామంటే అంత అభ్యంతరమా? దీని మీద మన ఎంపీలు ఎంతమంది గొంతెత్తారో మీరే గుర్తు చేసుకోండి. నాకు ఒక్కరు కూడా గుర్తురావడం లేదు.

లక్షల్లో అభ్యంతరాలు వెళ్ళాయి. ఆ ముసాయిదా తుది రూపంలో రాలేదు. మనం గెలిచామనుకున్నాం. కానీ అందులో ఉన్నవి తర్వాత ముక్కలు ముక్కలుగా ఆఫీస్ మెమొరాండాల రూపంలో వస్తున్నాయి. రెండు పేజీల కాగితం, ఒక అధికారి సంతకం, అయిపోయింది.

2022 జనవరిలో ఒకటి వచ్చింది. అనుమతులిచ్చే రాష్ట్ర స్థాయి అథారిటీలకి స్టార్ రేటింగ్. ఎన్ని తక్కువ రోజుల్లో అనుమతి ఇస్తే అన్ని ఎక్కువ మార్కులు. కంపెనీని అదనపు వివరాలు తక్కువగా అడిగితే మార్కులు. అంటే నా గెడ్డ గురించి ఒక ప్రశ్న వేసిన అథారిటీకి మార్కులు తగ్గుతాయి, వేయని దానికి పెరుగుతాయి. పిల్లాడు ప్రశ్న అడిగితే మార్కులు తీసేసే మాస్టారిని మనం ఒప్పుకుంటామా?

కోర్టులో కూడా అదే కథ. 2025 మే 16న జస్టిస్ ఓకా, జస్టిస్ భుయాన్ బెంచి, కట్టేశాక ఇచ్చే అనుమతులు చెల్లవు, వాటికి దారిచ్చిన 2017 నోటిఫికేషన్, 2021 మెమొరాండం రెండూ కొట్టేస్తున్నాం అంది. ఆ రోజు నేను మా గ్రూపులో స్వీట్ బొమ్మలు పెట్టాను. ఆర్నెల్లు. నవంబర్ 18న ముగ్గురు జడ్జిల బెంచి రెండుకి ఒకటి మెజారిటీతో ఆ తీర్పుని వెనక్కి తీసుకుంది. సుమారు 20,000 కోట్ల కట్టడాలు కూల్చాల్సి వస్తుందన్నది ఒక కారణం. జస్టిస్ భుయాన్ ఒక్కరే ఒప్పుకోలేదు. ముందు కట్టెయ్, పెద్దగా కట్టెయ్, ఎంత పెద్దగా కడితే అంత కూల్చలేరు. బిల్డర్లకి, ఫ్యాక్టరీలవాళ్ళకి దీంట్లోంచి అర్థమయ్యేది ఇదే. మా ఊళ్ళో పంచాయతీ ప్లాను లేకుండా ఒక గది ఎక్కువ వేసుకున్నవాడికి నోటీసు ఇస్తారు.

ఇంకోటి చాలామందికి తెలియదు. 2025 సెప్టెంబర్ 8న ఇచ్చిన మెమొరాండంతో అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకి ప్రజాభిప్రాయ సేకరణే అక్కర్లేకుండా చేశారు. అణు ఖనిజం అంటే ఎక్కడో అనుకోకండి. మన సముద్రపు ఒడ్డున ఉన్న నల్ల ఇసుక, ఇల్మెనైట్, మోనజైట్, అవన్నీ ఆ జాబితాలోవే. రేపు శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా మత్స్యకారుల ఊళ్ళ ముందు ఇసుక తవ్వుతామంటే, వాళ్ళని పిలిచి అడగాల్సిన పని లేదు. మా పెద్దమ్మకి మైకు ఇచ్చి లాక్కున్నారు. వాళ్ళకి మైకే ఉండదు.

"అనుమతులు ఆలస్యమైతే పెట్టుబడులు పోతాయి" అని రాసేవాళ్ళు కామెంట్లలో రెడీగా ఉంటారని తెలుసు. ఆలస్యం ఎవరివల్ల అవుతోంది? ఈఐఏ రిపోర్టు రాసే కన్సల్టెంటుకి డబ్బు ఇచ్చేది ఎవరు? ఆ ఫ్యాక్టరీవాడే. వాడి డబ్బుతో వాడికి వ్యతిరేకంగా ఎవరు రాస్తారు? మహారాష్ట్రలో ఒక బాక్సైట్ గని రిపోర్టులో రష్యా గని గురించి రాసిన పేరాలు ఉన్నట్టు బయటపడింది. కొంకణ్ నేల గురించి రాయమంటే రష్యా గురించి రాశారు. అలాంటి రిపోర్టుల్ని వెనక్కి పంపితే దాన్ని ఆలస్యం అంటారా? కన్సల్టెంటుని కంపెనీ కాకుండా వేరే ఎవరైనా నియమించి, డబ్బు కూడా కంపెనీ చేతి మీదుగా కాకుండా ఇప్పించే సంస్కరణ ఒక్కసారైనా తెచ్చారా? దశాబ్దాలుగా అందరికీ తెలిసిన జబ్బు అది. దాని జోలికి పోరు.

నేను ఫ్యాక్టరీలకి వ్యతిరేకిని కాదు. మా తమ్ముడు అందులోనే కాంట్రాక్టు కింద పని చేస్తున్నాడు. వాడి జీతంతోనే మా చిన్నాన్న ఇల్లు నడుస్తోంది. వాడు కూడా సభకి వచ్చాడు, వెనక నిలబడ్డాడు, నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో నాకు తెలుసు. వాడి మౌనాన్ని కూడా రేపు "ఎటువంటి అభ్యంతరం లేదు" అని రాస్తారు.

నాకు ఇదంతా కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట గుర్తుందా? అక్కడి బీల భూముల్ని కాగితాల్లో పనికిరాని భూములన్నారు. చేపలు, తామర, వరి, గడ్డి, పక్షులు, ఏడాది పొడవునా నీళ్ళుండే నేల అది. దాని మీద థర్మల్ ప్లాంటు. మా మేనత్త వాళ్ళది ఆ పక్కే. పబ్లిక్ హియరింగ్‌లో అక్కడి వాళ్ళు చెప్పాల్సిందంతా చెప్పారు. వద్దన్నారు. అయినా అనుమతి వచ్చింది. 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు పోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఒక్కరోజు ముందు చేసుంటే? ఆ ప్రశ్న మా అత్త ఇప్పటికీ అడుగుతుంది. ఏడాది తిరగకముందే, 2011 ఫిబ్రవరిలో, కాకరాపల్లిలో మళ్ళీ తుపాకులు. అక్కడా తంపర (చిత్తడి) భూములే, అక్కడా థర్మల్ ప్లాంటే. జనం చెప్పింది సభలో సరిగ్గా విని, సరిగ్గా రాసుంటే వాళ్ళు రోడ్డు మీదికి వచ్చేవాళ్ళా? మైకు దగ్గర వినిపించుకోనివాళ్ళకి రోడ్డు మీద వినిపించడానికి వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే నేను ఆ ఒక్క లైనుని వదలను. బీల బీడు అయింది, గెడ్డ మురుగు కాలువ అయింది, తాగే నీళ్ళ గురించి అడిగితే ఉపాధి అయింది.

మధ్యాహ్నం పెద్దమ్మకి చదివి వినిపించాను. వినిపించకూడదని అనుకున్నాను గానీ ఆవిడే అడిగింది, "నాది ఏం రాశారు నాన్నా?" అని. విన్నాక కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈ వయసులో నాకు ఉద్యోగమెందుకు?" అంది. లేచి గేదెలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళింది, బోరు దగ్గరికి. గెడ్డకి కాదు.

సోమవారం పొల్యూషన్ బోర్డు ఆఫీసుకి వెళ్తున్నాను. సభ వీడియో కాపీ కావాలని ఆర్టీఐ పెడుతున్నాను, మినిట్స్ సరిచేయాలని రాతపూర్వకంగా ఇస్తున్నాను, దాని కాపీ ఢిల్లీలో నిపుణుల కమిటీకి కూడా పంపిస్తాను. వాళ్ళ వీడియోలో ఆ భాగం ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. ఆ రోజు షామియానా కింద ఎడమవైపు ఆడవాళ్ళ వెనక నిలబడి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఫోన్లో రికార్డు చేయడం చూశాను. మీరెవరో నాకు తెలియదు. మీ దగ్గర పెద్దమ్మ మాట్లాడిన ఆ ఒకటిన్నర నిమిషం ఉంటే, దయచేసి డిలీట్ చేయకండి, నాకు మెసేజ్ పెట్టండి. మీ పేరు బయటికి రానివ్వను. ఆ సభలో మాట్లాడిన మిగతావాళ్ళు కూడా ఆ పీడీఎఫ్ తెరిచి మీ పేరు ఎదురుగా ఏం రాశారో ఈ రాత్రికే చూసుకోండి. చదవడం రానివాళ్ళుంటే పక్కింటివాళ్ళు చదివి చెప్పండి. సోమవారం బస్సు ఎనిమిదిన్నరకి.