గుమ్మం బయటి మెరుపు

ఇంటి గడప తొక్కకముందే విప్పి బయట వదిలేయవలసిన వస్తువును అద్దంలా మెరిపించడానికి ఆదివారం సాయంత్రం గంటసేపు ధారపోయడంలో, జపాను వారిని మినహాయిస్తే, మనకు సాటి రాగలవారు ఉండరు. గుడి మెట్ల దగ్గర విప్పుతాము, బంధువుల వాకిట్లో విప్పుతాము, కొందరు దంతవైద్యుల గది ముందు కూడా విప్పుతాము. తోలు బూటు మన కాళ్ళకు సేవ చేసే కాలం కన్నా, గుమ్మాల బయట రకరకాల చెప్పుల నడుమ మన తరఫున కొలువుదీరి ఉండే కాలమే ఎక్కువ. కాబట్టి పాలిషు అనేది కాలికి సంబంధించిన విషయం కాదని, ఆ సభలో మన ప్రతినిధి పరువుకు సంబంధించిన విషయమని ఈ వ్యాసకర్త ఏనాడో గ్రహించాడు. ఇంతటి అంశం మీద ప్రభుత్వం ఇప్పటివరకు ఒక్క జీవో అయినా విడుదల చేయకపోవడం శోచనీయం.

ముందుగా రంగు సంగతి. చీర కొనేటప్పుడు దుకాణంలోని ట్యూబులైటును నమ్మకుండా, దాన్ని వాకిట్లోకి పట్టుకెళ్ళి పగటి వెలుతురులో నాలుగు వైపులా తిప్పి చూసే మనమే, పాలిషు దగ్గరకు వచ్చేసరికి కిరాణా కొట్టు ముందు నిలబడి "బ్రౌన్ ఒకటివ్వు బాబూ" అని తేల్చేస్తాము. బ్రౌను ఒకటి కాదు. తేనె రంగు బూటు మీద ముదురు బ్రౌను పూస్తూ పోతే అది కొన్నాళ్ళకు మాడిన వంకాయ వేపుడు రంగుకు చేరుకుంటుంది, అక్కడినుంచి వెనక్కి రావడం కష్టం. సరిగ్గా జత కుదిరే రంగు దొరకనప్పుడు ఒక పిసరు లేతదే తీసుకోవడం క్షేమం. ఇక న్యూట్రల్ అనే రంగులేని పాలిషు, ఆస్తి తగాదాలో "ఇద్దరూ మనవాళ్ళేగా" అంటూ కాఫీ తాగి వెళ్ళిపోయే పెద్దమనిషి వంటిది. అది ఎవరికీ హాని చేయదు, మెరుపు కూడా ఇస్తుంది, కాని బూటు మీద పడిన ఒక్క గీతనూ కప్పదు.

డబ్బా మీద ఉన్న బొమ్మను గురించి ఒక మాట చెప్పక తప్పదు. 1906లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో విలియం రామ్సే అనే ఆయన తాను తయారు చేసిన పాలిషుకు కివి పక్షి పేరు పెట్టింది, తన భార్య పుట్టిన దేశం న్యూజిలాండ్ అన్న అభిమానంతోనట. అత్తవారి దేశపు ప్రతిష్ఠాచిహ్నమైన ఆ పక్షిని బూటు పాలిషు డబ్బా మీద అచ్చు వేయించిన తరువాత కూడా ఆయన సంసారం సజావుగా సాగిందంటే, అది పాలిషు కన్నా గొప్ప ఆవిష్కరణ. మన వైపు అల్లుళ్ళు ఎవరూ ఈ ప్రయోగానికి పూనుకోవద్దని మనవి.

డబ్బాలో ఉండేది ప్రధానంగా మైనం, దాన్ని మెత్తగా ఉంచే టర్పెంటైను వంటి ద్రావకం, కొంత రంగు. మేలురకం పాలిషుల్లో వాడే కార్నోబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీదినుంచి వస్తుంది. తేనెమైనం 62, 64 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది గాని, కార్నోబా 80 డిగ్రీలు దాటితే తప్ప కరగదు. అంటే రెంటచింతలలో మే నెల మిట్టమధ్యాహ్నం బూటు వేసుకున్న మనిషి సొమ్మసిల్లి పడిపోయినా బూటు మీది మెరుపు మాత్రం చెక్కుచెదరదు. మూత సరిగ్గా పెట్టకపోతే ద్రావకం ఆవిరైపోయి, డబ్బాలోని పాలిషు ఎండాకాలపు చెరువులా నెర్రెలు బారుతుంది. దాన్ని కాసేపు వేడినీళ్ళ గిన్నెలో ఉంచి మెత్తబరచాలే గాని, గ్యాసు పొయ్యి మీద పెట్టరాదు, ఆ ద్రావకానికి నిప్పంటుకునే గుణం ఉంది. ఈ సంగతి తెలుసుకునే క్రమంలో ఈ వ్యాసకర్త వంటగదిలోకి ప్రవేశించే హక్కును రెండు వారాలపాటు కోల్పోయాడు. సీసా మూతికే స్పాంజి అతికించి అమ్మే ద్రవరూప పాలిషు ఎన్నికల ముందు రోడ్డు మీద పోసే తారు లాంటిది. నిమిషంలో నిగనిగలాడుతుంది, వంపు తిరిగే చోట వారంలో పగులుతుంది.

అన్నిటికన్నా విషాదం, పాలిషు పట్టని బూటుకు పాలిషు పూయడం. రెక్సిన్‌లోకి మైనం ఇంకదు, పైన జిడ్డులా పేరుకుంటుంది. అయినా దాన్ని తోలేనని నమ్మి, ఏళ్ళ తరబడి నిష్ఠగా రుద్దుతున్న భక్తులు మన కార్యాలయాల నిండా ఉన్నారు. తోలును గురించి ప్రపంచానికే పాఠాలు చెప్పగల శాస్త్రవేత్తను కన్న నేల మనది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు నాయకత్వం వహించారు. మనమేమో తోలు పని చేసేవాడిని తరతరాలుగా ఊరి చివర ఉంచి, తోలు మెరుపును మాత్రం ఊరి నడుమకు తెచ్చుకుని, పాలిషు కాగానే సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కునే ఆచారాన్ని శ్రద్ధగా కాపాడుకుంటున్నాము.

ఇక పూయడం. మొదట లేసులు తీసేయాలి. ఈ మెట్టు దగ్గరే చాలామంది సాధకులు రాలిపోతారు. తరువాత బ్రష్షుతో దుమ్ము దులపాలి, అట్టకూ తోలుకూ నడుమ కుట్లలో ఇరుక్కున్న మట్టిని పాత పళ్ళ బ్రష్షుతో గీకాలి. దుమ్ము మీదనే పాలిషు పూయడమంటే ఇసుకతో తోలును తోమడమే. పాత బనియను ముక్కను రెండు వేళ్ళకు బిగుతుగా చుట్టి, ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకున్న చేత్తో కాక, హోమియో మందు వేసే చేత్తో పాలిషు తీసుకోవాలి. చిన్న చిన్న సున్నాలు చుడుతూ పలుచగా పూసి, పది నిమిషాలు ఆగి, అప్పుడు బ్రష్షు ఆడించాలి. తోలు పైకి నునుపుగా కనిపించినా దాని నిండా సూక్ష్మమైన గుంటలు ఉంటాయి, వాటి మీద పడిన వెలుగు చెదిరిపోతుంది. మైనం ఆ గుంటలను పూడ్చి చదును చేసినప్పుడే ఆ వెలుగు తిన్నగా తిరిగి వస్తుంది. ఆ పైన ఒక్క నీటిబొట్టు చిలకరించి మళ్ళీ పలుచని పూత వేస్తూ పోతే, సైనికుల బూట్లలో కనిపించే గాజు మెరుపు వస్తుంది. అయితే ఆ మందపు పూత ముక్కు దగ్గర, మడమ దగ్గర మాత్రమే నిలుస్తుంది, వేళ్ళ దగ్గర వంగే చోట పెళుసుగా రాలిపోతుంది.

మన పద్ధతి మరొకటి, అది బడిలోనే పట్టుబడుతుంది. ప్రార్థన సమయంలో డ్రిల్లు మాస్టారు వరుస వెంట కిందికి చూసుకుంటూ వస్తుంటే, పిల్లలందరూ కొంగజపానికి దిగి, ఒంటికాలి మీద నిలబడి రెండో బూటు ముక్కును పిక్క వెనక మేజోటికి రెండుసార్లు రాసి దించేవారు. ఆ పిల్లలే పెద్దవారై నేటికీ ముక్కు మాత్రమే మెరిపిస్తారు, మడమ మీద మట్టి మట్టిగానే ఉంటుంది. దీనిలో బద్ధకం కన్నా పరిపాలనా దక్షతే ఎక్కువ. బూటు ముక్కును చూసేవాడు ఎదురుగా కూర్చున్న పై అధికారి, మడమను చూసేవాడు వెనక ఫైళ్ళు మోసుకొచ్చే కింది ఉద్యోగి.

ఈ దురాచారాన్ని రూపుమాపే సదుద్దేశంతోనే ఈ వ్యాసకర్త మొన్న మాఘమాసంలో ఒక గృహప్రవేశానికి ముక్కూ మడమా సమానంగా మెరిసే నల్ల బూట్లు వేసుకుని వెళ్ళాడు. గుమ్మం బయట ఆ జత ముందు మిగతా చెప్పులన్నీ వెలవెలబోయిన మాట నిజం. పూర్ణాలు తిని, తాంబూలం పుచ్చుకుని బయటకు వచ్చేసరికి అవి లేవు. వాటి స్థానంలో అదే సైజు మరో నల్ల జత, ముక్కు మెరుస్తూ, మడమ మట్టికొట్టుకుని, వినయంగా నిలబడి ఉంది. తీసుకుపోయినవారు ఎవరైనా వారి అభిరుచిని మెచ్చుకోక తప్పదు.

వేసుకొచ్చిన ఆ జతను మరుసటి ఆదివారం ముందు పెట్టుకుని, టర్పెంటైను గుడ్డతో పాత పూతలు ఒక్కొక్కటిగా తీయగా, సాయంత్రానికి కుట్ల పక్కన లేత తేనె రంగు బయటపడింది. దానికి తగిన డబ్బా కోసం సందు చివరి కొట్టుకు వెళ్ళి, బూటును చేతిలో పట్టుకుని, ఉత్తకాళ్ళతో, వెలుతురు పోకముందే వాకిట్లో నిలబడి రంగు పోల్చి చూస్తుంటే, కొట్టు యజమాని జాలిపడి, "బ్రౌనే కదండీ, ఏదైనా ఒకటే" అన్నాడు.