బ్రాకెట్టు గారికి, 78 కిలోలు పోయిన రైతు రాయునది

అయ్యా బ్రాకెట్టు గారూ,

బళ్ళో మిమ్మల్ని కుండలీకరణం అనేవారు. నోరు తిరక్క బ్రాకెట్టనే అలవాటు చేసుకున్నాం. మా కోనసీమలో గారూ, అండీ లేకుండా తిట్టడం చాతకాదు కాబట్టి మర్యాదగానే తిడతాను, వినండి.

మొన్న సార్వాలో 40 బస్తాల ధాన్యం తూకం వేశాం. బస్తా 75 కిలోలు. "తరుగు రెండు కిలోలండీ" అన్నాడు కొనడానికొచ్చినాయన. లోడంతటికీ రెండు కిలోలే కదా, ధర్మంగానే ఉందని తలూపాను. నా లెక్క 40 × 75 − 2, అంటే 2998 కిలోలు. చీటీ చూస్తే 2920! ఇదేటండీ అంటే, "ఆయ్, బస్తాకి రెండండీ" అన్నాడు. ఆయన లెక్క 40 × (75 − 2). అంకెలు అవే, వరసా అదే. తేడా మాత్రం 78 కిలోలు, అంటే ఓ బస్తా, పైన మూడు కిలోలు. కాగితం మీద దర్జాగా నిలబడతారు గానీ, నోటిమాటలో ఎక్కడుంటారండీ మీరు? ఆయన మాట్లాడినంతసేపూ ఆయన జేబులో కూర్చున్నట్టున్నారు.

సాయంత్రం కాగితం మీద గుణకారాలు చేసుకుంటుంటే ఆరో తరగతి చదివే మనవరాలు చూసింది. "గుణించడం ఎందుకు తాతయ్యా? రెండింట్లోనూ 40 × 75 ఉంది కదా. నువ్వు రెండుని ఒక్కసారి తీశావు, ఆయన 40 సార్లు తీశాడు" అని 40 × (75 − 2) < 40 × 75 − 2 అని రాసిచ్చి ఆడుకోడానికి పోయింది.

పోనీ ప్రతిచోటా ఇంత పనిమంతులా అంటే అదీ లేదు. 18 − (6 + 4) ఎనిమిది. మిమ్మల్ని తీసేస్తే 16. అదే 18 + (6 + 4) అయితే మీరున్నా 28, లేకున్నా 28. అక్కడ మీరు తోడపెళ్ళికొడుకు. బట్టలు కొత్తవే, పని మాత్రం ఉండదు.

లోపలి లెక్క తేలాకే బయటిది అనే మీ పద్ధతి మాకు కొత్తదేం కాదు లెండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ కాలవల మీది లాకులు చేసేదీ ఇదే. పడవ లోపలికొస్తే అటూ ఇటూ తలుపులు మూసేస్తారు. లోపల నీటిమట్టం తేలేదాకా సరంగు ఎంత గోల పెట్టినా ముందు తలుపు తియ్యరు.

మీరు లేనిచోట గుణకారం ముందు, కూడిక తర్వాత అని ఓ రూలుంది కదా, దాన్ని నమ్ముకున్నా చిక్కే. రావులపాలెంలో అరటిగెలలు కొన్నాను. ఆటోకి 100, గెలకి 20 చొప్పున ఆరు గెలల కూలి. నా ఫోన్లో 100 + 20 × 6 కొడితే 220. కొట్టాయన బల్ల మీది చవక కాలిక్యులేటర్లో అవే మీటలు నొక్కితే 720! అది నొక్కింది నొక్కినట్టే చేసుకుపోతుంది. 100కి 20 కలిపేసి, ఆ మొత్తాన్ని ఆరుతో హెచ్చించేసింది. "మిషను అబద్ధమాడుద్దేటండీ?" అంటాడాయన. దాని మీద మీకో మీటైనా లేదు, చూపిద్దామన్నా.

ఇటలీలో టార్టాగ్లియా అనే లెక్కల పండితుడు 1556లో వేసిన పుస్తకంలోనే మీరున్నారు. పెద్ద, చిన్న గుర్తులు అచ్చయింది 1631లో, ఇంగ్లండు లెక్కల పండితుడు హారియట్ పుస్తకంలో. వాటికంటే 75 ఏళ్ళు పెద్దవారు, సరిగ్గా బస్తా తూకమంత. ఆ పెద్దరికానికైనా నోట్లోకి రావచ్చు కదా!

దాళ్వా తూకం దగ్గర పడుతోంది. ఈసారి చీటీ నేనే రాస్తాను, మీరు తప్పకుండా రావాలి. జంటగా రండి. మొన్న మనవరాలు ఎడంపక్క మిమ్మల్ని పెట్టి కుడిపక్క మర్చిపోయింది. అలా ఒక్కరే వస్తే, ఆ తరుగు ఎక్కడ ఆగుతుందో ధాన్యం ఆయనే చెప్పాలి.

ఇట్లు,
మీవల్ల ఓ బస్తా మూడు కిలోలు రావలసినవాడు