చాలీస్ నీది, గుర్తుపెట్టుకోవాల్సింది వాడా?

రాత్రి నుంచి మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవాళ్ల గ్రూపులో ఒకటే రచ్చ. టోర్నమెంట్‌లో ఒకడి చాలీస్ ఆఫ్ ద వాయిడ్ కార్డు మీద ఒక కౌంటర్ (గుర్తు బిళ్ల) ఉంది, అంటే మానా విలువ (స్పెల్ వెయ్యడానికయ్యే ఖర్చు) 1 ఉన్న స్పెల్ ఎవరు వేసినా అది రద్దు చెయ్యాలి. ఎదుటివాడు దర్జాగా లైట్నింగ్ బోల్ట్ (విలువ 1, మూడు లైఫ్ పోగొట్టే స్పెల్) వేశాడు. చాలీస్ పెట్టుకున్న పెద్దమనిషి దాన్ని మర్చిపోయి, ఉన్న 20 లైఫ్‌లోంచి మూడు తీసేసి "సరే, 17" అని రాసుకున్నాడు. కాసేపటికి బుర్ర వెలిగింది. ఇక మొదలు: బోల్ట్ వేసినవాడు దొంగ, చీటర్, డిస్‌క్వాలిఫై చెయ్యండి!

అయ్యా, ట్రిగ్గర్ (ఏదైనా జరగగానే కార్డు దానంతటదే చెయ్యాల్సిన పని) ఎవరిది? కాంపిటీటివ్ (రూల్స్ కచ్చితంగా చూసే పోటీల) స్థాయిలో ఎదుటివాడి ట్రిగ్గర్‌ని గుర్తుచెయ్యాల్సిన పని నీకు లేదు. 2012 నుంచీ ఇదే వరస. ఎదురుగా చాలీస్ ఉందని తెలిసే బోల్ట్ వెయ్యడం రూల్ ప్రకారం శుభ్రమైన ఆట. మర్యాదగా లేదంటారా, అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చీటింగ్ మాత్రం కాదు. అవతలివాడికి నోరు తెరిచే సందు ఇవ్వకుండా "బోల్ట్, నీకు మూడు" అంటూనే కార్డు గ్రేవ్‌యార్డ్‌లోకి (వాడేసిన కార్డుల కుప్ప) విసిరేసి ముందుకెళ్లిపోతే, అది వేరే సంగతి. అలా తోసుకుపోయి ట్రిగ్గర్‌ని మిస్ చేయించడం కుదరదు.

ప్రౌవెస్ (క్రియేచర్ కాని స్పెల్ వేసినప్పుడల్లా తన క్రియేచర్ బలం ఆ టర్నుకి పెంచే ట్రిగ్గర్) మీద ఏడ్చేవాళ్లు ఇంకో బ్యాచ్. "ముందే చెప్పలేదు" అట. డ్యామేజ్ లెక్కకొచ్చేదాకా చెప్పక్కర్లేదు స్వామీ!

చీటింగ్ అనాలంటే రూల్ తప్పాలి, లేదా జడ్జికి అబద్ధం చెప్పాలి, లేదా తన మ్యాచ్‌లో తప్పు చూసి కూడా నోరు మూసుకోవాలి. అదొక్కటే చాలదు. తప్పని తెలిసుండాలి, దాంతో లాభం కొట్టేద్దామని చూసుండాలి. అసలు కంపు ఉన్నది డార్క్ కాన్ఫిడాంట్ అనే కార్డు దగ్గర. అప్‌కీప్‌లో (టర్ను మొదట్లో) లైబ్రరీ అనే మన కార్డుల కట్ట మీది పై కార్డు చూపించి చేతిలోకి తీసుకోవాలి, దాని మానా విలువంత లైఫ్ పోవాలి. లైఫ్ 1కి దిగిన మనిషికి సరిగ్గా ఆ టర్నులోనే మతిమరుపు వస్తుంది, పాపం! ఆ ట్రిగ్గర్ మామూలుగా లాభించేదే కాబట్టి నిజంగా మర్చిపోతే వార్నింగ్ కూడా పడదు. లైఫ్ 1 ఉందా 20 ఉందా అని పాలసీ చూడదు. కావాలని మింగేస్తే నేరుగా డిస్‌క్వాలిఫికేషన్. వార్నింగ్ కూడా లేనిదానికీ టోర్నమెంట్ బయటికి పంపేదానికీ మధ్య తేడా వాడి బుర్రలో ఉంది. దాన్ని పదిహేను సెకన్ల క్లిప్పు చూసి తేల్చేస్తారట మనవాళ్లు!

జడ్జి ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి టర్ను మొదటి నుంచి చెప్పమంటాడు. కిందటి టర్నులో గుర్తుందా? చెయ్యి లైబ్రరీ దాకా వెళ్లి ఆగిందా? లైఫ్ ఎంతో తనకు తెలుసా? ఆ తర్వాత కూడా డిస్‌క్వాలిఫై చేసేది హెడ్ జడ్జే.

లైఫ్ అంటే గుర్తొచ్చింది. ఇరవై ముఖాల పాచిక మీద లైఫ్ లెక్కపెట్టే మహానుభావులారా, మీతోనే నా అసలు గొడవ, ఎప్పటినుంచో. మోచెయ్యి తగిలితే 14 కాస్తా 9. ఏ టర్నులో ఎంత పోయిందో ఆనవాలే ఉండదు. కాగితమైతే 20, 18, 15 అని వరసగా కనిపిస్తుంది. కాన్ఫిడాంట్ దెబ్బ ఏ టర్నులో రాయలేదో జడ్జి వేలు పెట్టి చూపిస్తాడు. కాంపిటీటివ్‌లో పాచికలతో లైఫ్ లెక్క కుదరదని రూలే ఉంది. అయినా జడ్జి వచ్చేసరికి టేబుల్ మీద దొర్లే పాచిక, "నాది 11", "కాదు 8". మళ్లీ వీళ్లే జడ్జికి న్యాయం తెలీదంటారు.

పాచిక వాడాలని అంత సరదాగా ఉంటే లైబ్రరీ మీద పెట్టుకోండి. దాన్ని తియ్యకుండా కార్డు లాగలేరు కాబట్టి అప్‌కీప్ ట్రిగ్గర్ గుర్తొస్తుంది. చాలీస్‌ని ల్యాండ్ల (మానా ఇచ్చే కార్డుల) వెనక దాచకుండా టేబుల్ మధ్యకి, ఎదుటివాడి స్పెల్ పడే చోటికి జరపండి.