పాటకు పట్టిన పీడ

ఇంగ్లండు జానపద గీతాలను పాత రాతప్రతుల నుంచి ఎత్తిరాసే పనికి దిగినవారికి త్వరలోనే ఒక సత్యం బోధపడుతుంది. ఆ పాటలకు చెద వల్ల గానీ, చెమ్మ వల్ల గానీ జరిగిన నష్టం స్వల్పం. అసలు నష్టమంతా వాటిని పాడినవాడి వల్లనే జరిగింది. పాడినవాడు చరణాలు మరచిపోతాడు, ఒక్కో చరణాన్ని ఒక్కో తీరున పాడతాడు, నాలుగు మాత్రలు చాలే చోట అయిదు వాడుకుంటాడు, పైగా మా తాత ఇలాగే పాడేవాడని దబాయిస్తాడు. ఇటువంటివాడి చేతిలోంచి పాటను విడిపించడానికి పెద్దమనుషులు పడిన పాట్లను ఎవరూ తగినంతగా గౌరవించలేదని నా అభియోగం.

మొదటి విజయం సులువుగానే దక్కింది, ఎందుకంటే అక్కడ పాడేవాడు లేడు. ష్రాప్‌షైర్‌లోని షిఫ్నల్‌లో హంఫ్రీ పిట్ అనే మిత్రుడి ఇంట్లో, నేల మీద పడి ఉన్న పదిహేడో శతాబ్దపు పాటల రాతప్రతి ఒకటి థామస్ పెర్సీ అనే మతాచార్యుడి కంటబడింది. పనిమనుషులు దాని కాగితాలతో నిప్పు రాజేసుకుంటున్నారు. వారిని పండితలోకం నేటికీ క్షమించలేదు. పెర్సీ దాన్ని కాపాడి బైండింగుకు ఇస్తే, ఆ పనివాడు అంచులతో పాటు కొన్ని పుటల పై వరుసలనూ కింది వరుసలనూ కత్తిరించేశాడు. అది చాలదన్నట్టు పెర్సీ తానే కొన్ని ఆకులు చించి అచ్చుకు పంపాడు. పనిమనిషి చించితే అజ్ఞానం, కాబోయే బిషప్పు చించితే సంపాదకత్వం. 1765లో మూడు సంపుటాలుగా వెలువడిన పాటల సంకలనంలో ఆయన చిరిగిన చోట్లనే కాక చిరగని చోట్లను కూడా సొంత కవిత్వంతో పూడ్చాడు. అసలు అలాంటి ప్రతి ఒకటి ఉన్నదా అని జోసెఫ్ రిట్సన్ అనే విమర్శకుడు అమర్యాదగా ప్రశ్నించాడు. ఉన్నదని అందరికీ తెలిసేలా ఆ ప్రతి యథాతథంగా అచ్చవడం మొదలైంది 1867లో. నడుమ నూరేళ్లూ పాఠకులకు ఏ లోటూ రాలేదు.

డెవన్‌లోని లూ ట్రెంచర్డ్ చర్చి పాస్టరు సెబైన్ బేరింగ్ గూల్డ్‌కు ఆ అదృష్టం లేదు. ఆయనకు దొరికిన ముసలివాళ్లు బతికే ఉన్నారు, నోరు తెరిచి పాడారు కూడా. తాళం గురించీ తాళంచెవి గురించీ పాడుతున్న మనిషి వడ్రంగం గురించి మాట్లాడడం లేదని అర్థం కావడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో గానీ, అచ్చులోకి వచ్చేసరికి అటువంటి పాటలు స్నానం చేసి, తల దువ్వుకుని, పిల్లలున్న ఇంటికి తగినట్టుగా వచ్చాయి. ఆయన ఒక్కటే పొరపాటు చేశాడు: అసలు పాఠాలను చేతిరాతలో భద్రపరిచి ప్లిమత్ గ్రంథాలయానికి ఇచ్చాడు. ఇల్లంతా కడిగి, కడిగిన నీళ్లను సీసాలో పోసి మునిమనవలకు దాచిపెట్టినట్టున్నది. అది చాలదని 1990లలో ఆయన చిత్తుప్రతులు కిల్లర్టన్ అనే పాత బంగళాలో బయటపడ్డాయి. ఇక ఎత్తిరాసేవారి ముందు చిత్తుప్రతి, శుద్ధప్రతి, అచ్చుప్రతి మూడూ ఉన్నాయి; మూడింటిలో సభ్యత క్రమంగా పెరుగుతూ పోవడాన్ని పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

1903లో సోమర్సెట్‌లోని హాంబ్రిడ్జ్‌లో ఒక తోటమాలి పనిచేసుకుంటూ పాడుతుండగా సెసిల్ షార్ప్ అనే సంగీతజ్ఞుడు విన్నాడు. తోటమాలి పేరు జాన్ ఇంగ్లండ్. నవలలో పెడితే ఏ సంపాదకుడూ ఒప్పుకోడు. షార్ప్ వెంటనే స్వరం రాసుకుని, పియానో సహకారం కూర్చి, ఆ సాయంత్రమే సభలో పాడించాడు. తోటమాలికి గర్వంగానే ఉన్నా, తన పాటకు ఎన్నడూ లేని పియానో ఎందుకొచ్చిందో అంతుపట్టలేదని చెబుతారు. షార్ప్ ఆ తరువాత వేలాది పాటలు సేకరించి, శుద్ధప్రతుల్లో మాటలను ఒక వరుస సంపుటాల్లో, స్వరాలను మరో వరుస సంపుటాల్లో రాశాడు. సాధారణంగా స్వరం ఉండేది ఒక్క చరణానికే. ఈ రెంటినీ నేడు కలిపి రాసే మనిషి మొదటి చరణం వరకు సంతోషంగా ఉంటాడు. అయిదో చరణంలో మూడు అక్షరాలు మిగిలిపోతాయి. వాటిని ముందరి స్వరానికి తగిలించాలా, ఉన్న స్వరాన్ని ముక్కలు చేయాలా? ముసలాయన ఏదో చేసే ఉంటాడు, కానీ ఆయన్ను అడిగే అలవాటు మనకు లేదు.

ఏడో స్వరం మరొక తగాదా. పాడేవాడు దాన్ని తరచు కిందికి దించి పాడేవాడు. పియానో నేర్చిన చెవికది అపస్వరం. డోరియన్ అని పాశ్చాత్య సంగీతజ్ఞులు పిలిచే ఆ స్వరవరుసనే మనవాళ్లు ఖరహరప్రియ అంటారు కాబట్టి తెలుగువారికి దీనిలో వింత కనిపించదు. కానీ ఎవరో తరువాత రాతప్రతిలో ఆ స్వరం పక్కన చిన్న గుర్తు పెట్టి పైకి ఎక్కించి ఉంటారు, సిరా రంగు వేరుగా ఉంటుంది. పాటలు సేకరించినవారిలో ఆల్‌ఫ్రెడ్ విలియమ్స్ ఒక్కడే ఈ గొడవను మూలంలోనే తేల్చాడు: థేమ్స్ ఎగువ గ్రామాల్లో సైకిల్ మీద తిరిగి మాటలు మాత్రమే రాసుకుని, స్వరాల జోలికి పోలేదు.

అన్నింటికీ మించిన అపచారం పెర్సీ గ్రెయింజర్ అనే స్వరకర్తది. ఆయన 1906లో లింకన్‌షైర్‌కు ఫోనోగ్రాఫ్ అనే శబ్దగ్రహణ యంత్రాన్ని తీసుకెళ్లాడు. ఆ యంత్రానికి మర్యాద తెలియదు, పాడినది పాడినట్టే పట్టేస్తుంది. గ్రెయింజర్ మైనపు గొట్టాలను మళ్లీ మళ్లీ తిప్పి విని, ప్రతి చరణంలోని ప్రతి ఒరవడినీ, మారిన ప్రతి తాళాన్నీ కాగితం మీద పెట్టాడు. కావలసింది శాస్త్రీయమైన నకలు కాదనీ, మామూలు శ్రోత చెవికి అందేదే చాలుననీ షార్ప్ 1908లో ఆయనకు హితవు చెప్పాడు. మామూలు శ్రోత అంటే ఎవరన్నది చెప్పనక్కరలేదు. ఆయన ఇంట్లో పియానో ఉంటుంది.

ఇప్పుడు ఈ రాతప్రతుల చిత్రాలను లండన్‌లోని వాన్ విలియమ్స్ స్మారక గ్రంథాలయం 2013 నుంచి అందరి ముందూ పెట్టింది. కొట్టివేతలతో సహా ఉన్నదున్నట్టు ఎత్తిరాయాలని పట్టుబట్టే వారు బయలుదేరారు. ఈ ధోరణి ఎక్కడికి దారితీస్తుందో గ్రెయింజర్ యంత్రం ముందు పాడిన జోసెఫ్ టేలర్ ముందే చూపించాడు. ఆయన పాడిన బ్రిగ్ సంత పాటను డీలియస్ అనే స్వరకర్త పెద్ద వాద్యబృందానికి రాశాడు. లండన్‌లో అది మోగుతుండగా టేలర్ తన కుర్చీలోంచి లేచి గొంతు కలిపాడని ఒక కథ ప్రచారంలో ఉంది. టికెట్టు కొనుక్కుని వచ్చినవారి మధ్య ఆ మనిషిని ఎవరు లోపలికి రానిచ్చారో నేటికీ విచారణ జరగలేదు.